తోక చూడు

ముందే చెప్తున్నాను, దీన్ని గుండె అనొద్దు.
గుండెని బోల్టులు విప్పి తీసి
పాత బనీను గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టరు.
ఇది ఆయిల్ పంపు. అరచేతిలో పడుతుంది.
వారం రోజులు గోళ్ల సందుల్లో ఉండిపోతుంది.

హమ్రూన్‌లో రొట్టెల బట్టీ వెనక సందు, నార్దు షెడ్డు.
గొలుసుకు వేలాడుతోంది మోరిస్ మైనర్ ఇంజను.
క్లచ్చు ఊడదీసి, ఫ్లైవీలు ఊడదీసి,
వెనక పలక కూడా ఊడదీస్తే తప్ప
మొహం చూపించదీ పంపు.
రోటరు అంచున ఫీలర్ గేజి పెట్టాను.
దూరకూడని రేకు దూరింది,
దాని పెద్దన్న కూడా దూరాడు.
"అరిగింది, మార్చు," అన్నాడు నార్దు,
బల్బు మార్చమన్నట్టు.

కారు కాగితాలు చూశాను.
తయారైన సంవత్సరం చూశాను.
ఇంజనుకు కొట్టిన నంబరు రేకు తుడిచి మరీ చూశాను.
మూడూ ఒకే మాట మీద ఉన్నాయి.
ఆ మాట నమ్మి ఇంగ్లండు నుంచి తెప్పించాను,
మైనం కాగితంలో మెరుస్తూ దిగింది.

బోల్టు రంధ్రాలు కలిశాయి.
నూనె దారులు కలిశాయి.
గ్యాస్కెట్ తిరగేస్తే ఆ దారులు మూసుకుపోతాయి,
అదీ సరిగానే పెట్టాను.
కానీ పంపు లోపలికి కూర్చోదు.
సుత్తి వైపు చెయ్యి పోతుంటే
నార్దు దగ్గాడు.

టార్చి వేసి చూశాను.
కామ్‌షాఫ్ట్ తోకలో ఒక గాడి.
కొత్త పంపు మూతిలోనూ గాడే.
ఎదురెదురుగా తెరిచిన రెండు నోళ్లు,
నాలుక ఏ ఒక్కదానికీ లేదు.

కల్చిదోన్ మండిపడ్డాడు.
"నా బండిది పుట్టినప్పటి ఇంజను!
ముప్పై ఏళ్లు ఓడల్లో తిరిగాను,
ఇంజనంటే నాకు నువ్వు చెప్తావా, పిల్లా?"
నేను పాత పంపు తుడిచి చేతిలో పెట్టాను.
దాని మూతిలో పొడుచుకొచ్చిన చిన్న ఉక్కు నాలుక.
తిప్పి తిప్పి చూశాడు.
ఈ నాలుక ఆయన బండి కాగితాల్లో లేదు.

జెమ్మా పస్తిజ్జి పొట్లం మడత విప్పుతూ
"ఎనభైనాలుగులో," అంది.
అందరం ఆగాం.
"నువ్వు రోటర్‌డామ్‌లో ఉన్నావు.
డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది.
రాత్రిపూట ముచ్చటగా ఉంది, వెలగనీలే అనుకున్నాను.
మ్దీనా కొండ సగంలో
లోపలెవరో సుత్తితో కొట్టినట్టు మూడు దెబ్బలు,
ఆ తర్వాత ఏమీ లేదు.
తుక్కు బండి ఇంజను తెచ్చి,
అదే పచ్చ రంగు వేసి,
పాత నంబరు రేకు పీకి దీనికి కొట్టింది
ఈ నార్దు వాళ్ల నాన్నే."

నార్దు తలెత్తి గొలుసు లింకులు లెక్కపెడుతున్నాడు.

చాలాసేపటికి కల్చిదోన్ అన్నాడు:
"ఆ ఏడాది ఇంటికొచ్చాక
బండి కొండెక్కడం చూసి,
నేనొచ్చానని దానికి హుషారొచ్చింది అనుకున్నాను."

నాలుకున్న పంపు పదకొండు రోజులకు వచ్చింది.
రోటర్ల మధ్య వాసలీను కూరాను,
ఖాళీ కడుపుతో తిరిగితే నూనె పీల్చుకోదు.
ఇంజను దించి బిగించి, ప్లగ్గులు తీసి,
సెల్ఫు తిప్పుతూ ఉన్నాను.
పసుపు దీపం వెలుగుతూనే ఉంది.
జెమ్మా కిటికీలోంచి వంగి దాన్నే చూస్తోంది,
ఊపిరి అద్దం మీద ముద్రపడేంత దగ్గరగా.
ఆరిపోయింది.
ఆమె చేతిలోని పస్తిజ్జి చల్లారిపోయింది.

"రేడియో కూడానా?" అడిగాడు కల్చిదోన్.
ఆమె తింటోంది, నోరు ఖాళీ లేదు.

వాపసు గడువు దాటిన ఆ మొదటి పంపుకి
నూనె రాసి అటక మీద పెట్టాను.
ఈ దీవిలో ఎక్కడో ఒక కామ్‌షాఫ్ట్
తోకకు పిన్నుతో తిరుగుతూ ఉండే ఉంటుంది.
డబ్బా మీద కారు పేరు రాయబోయి,
కొట్టేసి రాశాను:
ముందు తోక చూడు.